‘మంటెయ్యి’ పాటలో మూడు ఖాళీలు

నవంబర్ 30

గౌరీశంకర్ ఇక పాడడట. ఆ మాట నాకు చెప్పలేదు, గిటార్ వాయించే నరసింహానికి చెప్పాడు. ఆరేళ్ళుగా వాడి వెనక కూర్చుని డ్రమ్స్ కొడుతున్నది నేను. నరసింహం వచ్చింది నిన్నగాక మొన్న.

చలికాలం కదా, ఆయాసం ఎవరికైనా ఎక్కువవుతుంది. ఎండలొస్తే తగ్గిపోతుంది.

డిసెంబర్ 2

రోలుగుంటలో ఆఫీసు అయ్యాక తిన్నగా గౌరి కొట్టుకి వెళ్ళాను. మోటారుకి తీగ చుడుతున్నాడు. తల ఎత్తలేదు. చుట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాడు. నిజంగా లెక్కపెడితే వాడి పెదాలు కదులుతాయి. ఇవాళ కదల్లేదు.

“వైజాగ్ డాక్టరు సూసేడురా. ఇంకోపాలి స్టేజీ ఎక్కి అరిసేవంటే నా దగ్గరకి రావొద్దన్నాడు.”

“ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళేటి, ఇంకంతే.”

“మరి గైరమ్మ సంబరం?”

“ఇంకోళ్ళని సూసుకోండి.”

చూసుకోవడానికి ఇదేమన్నా పెళ్ళి మేళమా? చోడవరంలో హెవీ మెటల్ పాడేవాణ్ణి సంతలో వెతకాలా? వైజాగ్ కాలేజీల్లో పాడాం, అనకాపల్లిలో పాడాం, సొంత ఊళ్ళో మాత్రం ఇన్నేళ్ళలో ఎవరూ స్టేజీ ఇవ్వలేదు. ఈ ఏడు మొదటిసారి మా వీధిలో అమ్మవారికి చేసే గైరమ్మ సంబరంలో, ఆర్కెస్ట్రాకి ముందు అరగంట మాకని కమిటీవాళ్ళు ఒప్పుకున్నారు. ఇది కూడా పోతే గిటార్ అమ్మేసి క్రికెట్ ఆడుకుంటానని బేస్ వాయించే సాయికిరణ్ ముందే చెప్పేశాడు. వాడు అన్నంత పనీ చేస్తాడు. వాడు పోతే మా ‘పెనం’ బ్యాండ్ లేనట్టే. ఇల్లూ ఆఫీసూ పోగా నాకంటూ ఉన్నది అదొక్కటే.

ఎండలొస్తే తగ్గుతుంది. సంబరం జనవరి ఆఖరున.

డిసెంబర్ 7

పాటగాడు లేకుండా ప్రాక్టీసు. ఉప్పు లేని కూర కూడా ఇంతకన్నా నయం.

అత్త వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. షెడ్డు అత్తది. మామయ్య ఉన్నన్నాళ్ళూ అందులో బెల్లం వండేవాడు. ఇప్పుడు చెరుకంతా ఫ్యాక్టరీకే పోతోంది కాబట్టి పెద్ద పెనం గోడకి ఆనించి ఉంటుంది. దాని ముందే నా డ్రమ్స్. బ్యాండ్‌కి ఆ పేరు పెట్టింది గౌరి.

“అరిసే గుంటడు రాలేదేటిరా?” అంది అత్త.

“ఒంట్లో బాగోలేదత్తా.”

“పోన్లే. ఇయ్యేళ గేదె బాగా సేపి పాలిచ్చింది.”

అప్పలనరసమ్మత్తకి సంగీతజ్ఞానం మొత్తం ఆ గేదె పొదుగులోనే ఉంది.

డిసెంబర్ 14

నరసింహం ఒకావిడని తీసుకొచ్చాడు. పేరు అశ్విని. మాడుగులలో వాడు గుమాస్తాగా ఉన్న బడిలోనే ఆవిడ ఆటల టీచరు. ఒకప్పుడు రాష్ట్రం తరఫున కబడ్డీ ఆడిందట. మొన్న ఆటల పోటీల్లో మైకు చెడిపోతే గ్రౌండు ఈ చివర నిలబడి ఒక్క కేకతో ఆ చివర ఉన్న పిల్లలందర్నీ లైన్లో పెట్టిందట. అది చూసి మన వాడికి ఐడియా వచ్చింది. కేక వేసేవాళ్ళందరూ గాయకులైతే మా బస్టాండు నిండా గాయకులే.

“మెటల్ వింటారా మేడం?” అన్నాను. కొంచెం వెటకారంగానే.

“పొద్దున్న పరుగుకెళ్తే అదే పెట్టుకుంటానండి. సినిమా పాటలు పెడితే కాళ్ళు డాన్సుకి పోతన్నాయి.”

షెడ్డులోకి వస్తూ గుమ్మం దగ్గర నేల ముట్టుకుని కళ్ళకద్దుకుంది. జేబులోంచి సుద్దముక్క తీసి, నా డ్రమ్స్‌కి ముందు నేల మీద అడ్డంగా గీత గీసింది. ఏమిటని అడిగితే, గీత లేకపోతే తనకి కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలీదంది. గీత వెనక నిలబడుతుంది, పాట ఎత్తుకోగానే గీత దాటి ముందుకు పోతుంది, అయ్యాక వెనక్కొచ్చి గీత తొక్కుతుంది. కబడ్డీయే.

‘మంటెయ్యి’ ఎత్తుకున్నాం. గౌరి రాసిన మొదటి పాట. “పిప్పి తేరా, మంటెయ్యి, పెనం కింద మంటెయ్యి” అని మొదలై, పొడుగాటి కేక మీదికి పోతుంది. ఆ కేకలో మూడుచోట్ల మేమంతా టక్కున ఆగిపోతాం. నాలుగు దెబ్బల ఖాళీ. మళ్ళీ అందరం ఒక్కసారి పడతాం. ఆ ఖాళీల్లో కాలేజీ కుర్రాళ్ళు ఈలలు వేస్తారు. మా బ్యాండ్ గుర్తే అది.

ఆవిడ ఆగలేదు. మేం ఆగాం, ఆవిడ కేక అలా పోతూనే ఉంది, రేకులు గణగణమన్నాయి. మూడుచోట్లా అంతే.

“అక్కడ ఆపాలండీ,” అన్నాను.

“ఎందుకండీ?”

“మా స్టైలు అది.”

“సరే సార్,” అంది. ఎదురు చెప్పలేదు.

డిసెంబర్ 15

గొంతుంది, ఒప్పుకుంటాను. గొంతుంటే సరిపోతుందా?

డిసెంబర్ 21

ఆగమన్నాం కదా, ఆగింది. పాట చచ్చింది. కేక పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఉండగా నోరు మూసుకోవడం ఆవిడకి చేతకాదు. ఆగిన ప్రతిసారీ ఎవరో కాలు పట్టుకుని లాగినట్టు తూలింది. మళ్ళీ ఎత్తుకునేసరికి ఆలస్యం.

“తాళం చూసుకోవాలి మేడం,” అన్నాను.

నరసింహం నన్ను బయటికి లాక్కెళ్ళాడు. “ఒరే, నువ్వు ఆపమన్నావనే ఆపింది. లేపోతే ఎలా ఎల్తందో సూసేవు కదా. ఆ స్టాపులు తీసీరా బాబూ.”

“స్టాపులు తీసేస్తే అది ‘మంటెయ్యి’ కాదు.”

“మరేటవుద్ది?”

నేను లోపలికొచ్చి కర్రలు అందుకున్నాను. ఆవిడకి తాళం రాదు, అంతే.

డిసెంబర్ 22

మైకు స్టాండు ఇంకా గౌరి ఎత్తుకే ఉంది. వాడు తాటిచెట్టంత. ఆవిడ మైకు ఊడదీసి చేత్తో పట్టుకుని పాడుతోంది. అడిగితే దించేవాణ్ణి. అడగలేదు.

డిసెంబర్ 28

పరువు పోయింది.

కమిటీ గణపతిరావు గారు వినడానికి వచ్చారు. కుర్చీ వేశాం, అత్త టీ ఇచ్చింది. ‘మంటెయ్యి’లో మొదటి ఖాళీ దగ్గర నేను ఆగాను. ఆవిడ ఆగబోయి ఆగలేకపోయింది. సాయికిరణ్ ఆవిడతో వెళ్ళిపోయాడు, నరసింహం నాతో ఉండిపోయాడు. ఆ తర్వాత ఎవరి పాట వాళ్ళది.

గణపతిరావు గారు టీ మొత్తం తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టారు.

“అరుపులంటే అరుపులే అనుకున్నాను, పరవాలేదు. కానీ మీలో మీకే కుదర్లేదు కదా బాబూ. సంబరం ముందు మళ్ళీ వొస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ అరగంటా సిన్నపిల్లల డాన్సుకి ఇచ్చెస్తాను.”

సాయికిరణ్ బేస్ గిటార్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అశ్విని గారు మాత్రం “తప్పు నాదేనండి, ఇంకా సాధన చేస్తాను” అన్నారు. పాత రికార్డింగులు ఏమైనా ఉంటే పంపమన్నారు, బస్సులో వింటారట. ఉన్నవన్నీ పంపేశాను. వినండి, గౌరి ఎలా ఆగేవాడో వినండి.

డిసెంబర్ 29

గౌరికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

డిసెంబర్ 30

ఎత్తలేదు.

జనవరి 4

ఇవాళ ఆవిడ ముందే వచ్చేసింది. నేనొక్కణ్ణే ఉన్నాను. సుద్దగీత గీస్తూ, నా వైపు చూడకుండా అంది.

“తేజా గారూ, ఒక మాట అడిగితే ఏటీ అనుకోరు కదా?”

“అడగండి.”

“ఆ ఖాళీల్లో గౌరీశంకర్ గారు ఊపిరి తీసుకునేవారు కదండీ?”

నేను స్క్రూ బిగిస్తున్నాను. బిగిస్తూనే ఉన్నాను.

“పాత రికార్డింగుల్లో వినిపిస్తంది. జనం ఈలల కింద సన్నగా పిల్లికూత. నేను కబడ్డీలో పదేళ్ళు కూత పెట్టి ఆడేను, అవతలోడి ఊపిరి ఎక్కడ అయిపోతందో వినడమే మా పని. పాట కోసం ఖాళీ పెట్టలేదు మీరు. ఆయన కోసం పెట్టేరు.”

“మీకు తాళం రాక ఇవన్నీ చెప్తున్నారు,” అన్నాను. ఛీ. అంత మాట ఎలా వచ్చిందో నా నోట.

ఆవిడకి కోపం రాలేదు. సుద్దముక్క జేబులో పెట్టుకుంది. “నరసింహానికీ సాయికీ నేను సెప్పలేదు. సెప్పను కూడా. మీ ఇద్దరి మద్దిని మాట అది. ఆపమంటే ఆపుతానండి, నేర్చుకుంటాను. కానీ నా కోసం ఆపొద్దు. నాకక్కర్లేదు.”

ఆ తర్వాత వాళ్ళొచ్చారు, ప్రాక్టీసు చేశాం. ఆవిడ చెప్పినట్టే ఆగుతూ పాడింది. నేను తాళం రెండుసార్లు తప్పాను. నేను తప్పడం ఎవరూ నమ్మలేదు.

జనవరి 5

రాసేస్తాను. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను?

ఆరేళ్ళ క్రితం, ఇదే షెడ్డులో, ‘మంటెయ్యి’ మొదటిసారి పాడుతూ గౌరి కేక మధ్యలో ఆగిపోయాడు. గుండె పట్టుకుని వంగిపోయాడు. సాయికిరణ్ ఇంకా చూడలేదు. గౌరి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా చూశాడు. నేను కర్రలు గాల్లో ఆపేశాను. వాడి భుజాలు పైకి లేచి కిందికి దిగాయి. దిగగానే గట్టిగా కొట్టాను. వాడు అందుకున్నాడు.

“ఇక్కడ ఇలా ఆగితే బాగుందిరా, ఉంచేద్దాం,” అన్నాను.

“అవున్రా, బాగుంది,” అన్నాడు.

అంతే. తర్వాత ఆ పాటలో మరో రెండుచోట్లా, మిగతా పాటల్లోనూ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. వాడితోనూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. జనం ఈలలు వేశారు, వైజాగ్‌లో ఎవరో మెచ్చుకున్నారు, నేనూ అది స్టైలే అనుకోవడం మొదలుపెట్టాను. మూడు వారాలుగా నేను ఆవిడకి తాళం కొట్టడం లేదు. ఖాళీగా ఉన్న ఆ స్టాండుకి కొడుతున్నాను.

ఆ ఖాళీలు తీసేస్తే వాడు ఇక రాడని నేను ఒప్పుకున్నట్టే. ఎండలొచ్చినా తగ్గదు. నాకు తెలుసు. నవంబర్‌లోనే తెలుసు.

జనవరి 7

గౌరి కొట్టు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను, కదల్లేదు.

“ఖాళీలు తీసేస్తున్నాను,” అన్నాను.

“ఏ ఖాళీలు?” అన్నాడు. తీగ చుడుతూనే ఉన్నాడు. తర్వాత వాడే ఆపాడు. “నాకు తెల్దనుకున్నావేటిరా? కర్రలు పైకెత్తి నా బుజాల కేసి సూసేవోడివి. అవి దిగితే గానీ కొట్టేవోడివి కాదు. ఇంట్లో మా అమ్మ కూడా నన్నలా సూళ్ళేదు.”

వాడు మళ్ళీ తీగ అందుకున్నాడు.

“తీసీరా. ఆవిడ ఊపిరి ఎంతసేపు?”

“చాలాసేపు.”

“బాగున్నాదా?”

“చాలా బాగుందిరా,” అన్నాను. వాడి ముందు ఆ మాట అనడం ద్రోహమనుకున్నాను ఇన్నాళ్ళూ. అనేశాక హాయిగా ఉంది. వాడు కూడా నవ్వాడు, వెంటనే దగ్గొచ్చింది, జేబులోంచి ఆయాసం మందు పంపు తీసి నోట్లో కొట్టుకున్నాడు.

జనవరి 11

ఏం పాడింది!

ముందు స్టాండు దించాను. ఆవిడ చూసింది, మైకు తీసుకెళ్ళి స్టాండుకి తగిలించింది. “ఖాళీలు లేవు. మీరు ఎంతసేపు పోతే అంతసేపు కొడతాను,” అన్నాను. మిగతా ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు. ఈసారి రానన్న సాయికిరణ్‌ని నరసింహం తిట్టి తీసుకొచ్చాడు.

గీత దాటింది. “మంటెయ్యి” దగ్గర కేక ఎత్తుకుంది. మొదటి ఖాళీ రావాల్సిన చోటికి వచ్చేసరికి నా చేతులు వాటంతటవే పైకి లేచాయి. బలవంతంగా దించాను. అప్పుడు ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగి, స్కూలు గ్రౌండులో పిల్లని అదిలించినట్టు, “ఒరే తేజా, కొట్టు!” అని అరిచి మళ్ళీ కేక అందుకుంది. ఆ అరుపు కూడా శ్రుతిలోనే ఉంది! కొట్టాను. రెండోది దాటేశాం. మూడోది దాటేశాం. కేక గరుకెక్కుతుంది కానీ చిరగదు, తగ్గినట్టే తగ్గి కిందనుంచి మళ్ళీ లేస్తుంది. నరసింహం వాయించడం మర్చిపోయి ఆవిడనే చూస్తూ నిలబడ్డాడు. నా వెనక పెనం మోగుతోంది, నా వీపుకి తెలుస్తోంది. ఈ పాటకి ఇంత పొడుగుందని ఆరేళ్ళుగా నాకు తెలీదు.

వెనక్కొచ్చి గీత తొక్కింది. తొక్కాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

సాయికిరణ్ చప్పట్లు కొట్టాడు. వాడు ఎవరికీ కొట్టడు.

నన్ను ‘ఒరే’ అన్నందుకు ఆవిడ నొచ్చుకుంటూ సారీ చెప్పింది. అలాగే పిలవమన్నాను.

జనవరి 18

గణపతిరావు గారు వచ్చారు. విన్నారు. టీ చల్లారిపోయింది. “నాకేటీ అర్దం కాలేదు గానీ ఒళ్ళు జలదరించింది” అని లేచారు. అరగంట మాదే.

అత్తని గేదె సంగతి అడిగాను. “ఆ మేడం పాడితే బెదరట్లేదురా. మంచి గుంట, పద్దతిగా అరుస్తంది,” అంది అత్త.

జనవరి 25

ప్రాక్టీసయ్యాక అశ్విని ఒక కోరిక కోరింది.

“ఆకరి ఖాళీ ఒక్కటి మళ్ళీ పెట్టు తేజా.”

“ఎందుకు? మీకక్కర్లేదన్నారుగా.”

“నాకు కాదు. కబడ్డీలో కూత ఆగినోడు అవుటు. కానీ ఇంటికి పోడు కదా, గీత బయట కూకుంటాడు. మనోళ్ళు అవతలోణ్ణి అవుట్ చేస్తే, బయట కూకున్నోడు మళ్ళీ లోపలికొస్తాడు. ఆ రూలు లేకపోతే నేను ఆ ఆట ఆడేదాన్నే కాదు.”

అప్పుడు చెప్పింది. నిన్న మాడుగుల బస్సు దిగి తిన్నగా గౌరి కొట్టుకి వెళ్ళిందట. ‘మీ పాట పాడతన్నాను, గీత బయట కూకోండి చాలు’ అందట. వాడు రానన్నాడట.

“వస్తాడంటారా?”

“రాకపోతే నాలుగు దెబ్బలు ఖాళీగా ఉంటాది. ఏటవుద్ది?”

ఈవిడ చోటు ఇంకొకడిదని నెలరోజులు మొహం మీద కొట్టినట్టు చూపించాను నేను. అలాంటిది, పాట చేతికొచ్చాక ఆవిడ చేసిన మొదటి పని వాడి చోటు వాడికి అట్టేపెట్టడం. నా వల్ల అయ్యేది కాదు. ఎంత గొప్ప మనిషో రాయడానికి నాకు మాటలు రావడం లేదు. డ్రమ్స్ కొట్టేవాణ్ణి, నాకేం తెలుసు.

జనవరి 31

ఇవాళే. కర్రలు రెండు జతలు సంచిలో పెట్టుకుని సంబరానికి బయల్దేరుతున్నాను.

ఫిబ్రవరి 1

ఒళ్ళంతా నొప్పులు. అయినా రాయాలి.

స్టేజీ మీద అశ్విని ముగ్గుపిండితో గీత గీసింది. ముందు వరసలో ముసలమ్మలు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, వెనక ఆర్కెస్ట్రా కోసం వచ్చినవాళ్ళు. మొదటి పాటకి కొందరు చెవులు మూసుకున్నారు. రెండోదానికి కుర్రాళ్ళు ముందుకి వచ్చారు. అశ్విని గీత దాటి వెళ్ళిన ప్రతిసారీ, వెనక్కి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూడటం జనానికి అలవాటైపోయింది. ఎవరో “కూత, కూత” అని అరవడం మొదలుపెట్టారు. మా ఊరికి మెటల్ తెలీదు గానీ కూత తెలుసు.

ఆఖరున ‘మంటెయ్యి’. అప్పుడు చూశాను గౌరిని. స్టేజీ పక్క, సౌండ్ బాక్సు వెనక, తిరగేసిన క్రేటు మీద కూర్చుని ఉన్నాడు. మెడకి మఫ్లరు. ఎప్పుడొచ్చాడో తెలీదు.

మొదటి చోటు అశ్విని ఆపకుండా దాటింది. రెండో చోటు ఆపకుండా దాటింది. మూడో చోట అందరం ఆగాం. అశ్విని వెనక్కి వచ్చి గీత తొక్కి, మైకు ఊడదీసుకుని గౌరి దగ్గరికి వెళ్ళి చాచింది. “రండి. అరవక్కర్లేదు, మైకుంది,” అంది. అది కూడా మైకులో అందరికీ వినిపించింది.

గౌరి లేచాడు. గీత దాటి లోపలికి వచ్చాడు. వీధి మొత్తం వాణ్ణి గుర్తుపట్టింది, ఎవరి ఇంటి మోటారు చెడినా బాగుచేసేది వాడే. ఒక్కరూ చప్పుడు చెయ్యలేదు. నాలుగు దెబ్బలు ఎప్పుడో అయిపోయాయి. నా కర్రలు గాల్లోనే ఉన్నాయి. వాడు నా వైపు చూడలేదు, చూడక్కర్లేదు. భుజాలు పైకి లేచాయి. మెల్లగా, ఇంట్లో మాట్లాడినట్టు, “మంటెయ్యి” అన్నాడు.

భుజాలు దిగాయి. కొట్టాను.

వాడి మాట చివర ఇంకా గాల్లో ఉండగానే అశ్విని అందుకుంది. అక్కణ్ణుంచి ఎక్కడికి తీసుకెళ్ళిందో ఆ కేకని! ఏడుస్తూ కొట్టాను. చెమటో కన్నీళ్ళో ఎవరికీ తెలియలేదు, తెలిసినా పరవాలేదు.

దిగాక అశ్విని నా నెత్తి మీద ఒకటి మొట్టింది. “ఒరే తేజా, నాలుగు దెబ్బల ఖాళీ అన్నాను. ఎంతసేపుంచేవురా?”

“వాడి ఊపిరి అయ్యేదాకా.”

“సరే. అలాగే ఉంచు,” అంది.

సాయికిరణ్ వచ్చే ఆదివారం ప్రాక్టీసు ఎన్నింటికని అడిగాడు. క్రికెట్ మాట ఎత్తలేదు.

గౌరిని బండి మీద ఇంటికి దింపాను. దారిలో ఆపమని, పంపు కొట్టుకుని, కాసేపు రొప్పాడు. రొప్పుతూనే నవ్వాడు.

“ఒక్క మాటకే నాకిలాగుంది. ఆవిడ పాటంతా ఒక్క ఊపున ఎలా పాడీసిందిరా?”

నాకూ తెలీదన్నాను. బండి పక్కన పెట్టి, ఇద్దరం చాలాసేపు ఆవిడ గురించే మాట్లాడుకున్నాం.